గరుకు గడ్డానికి ఏ రేజరు మేలు: జిల్లెట్, షిక్, డోర్కో, లేక పాత రెండంచుల బ్లేడా?

కొండాపూర్ వాసి

సభ్యులందరికీ నమస్కారం. నాది దట్టమైన గడ్డం. వెంట్రుక మందంగా ఉంటుంది, మెడ దగ్గర కొంత ఉంగరం తిరిగి ఉంటుంది. ఉద్యోగరీత్యా వారంలో ఐదు రోజులూ నున్నగా గీసుకొని వెళ్లక తప్పదు. చాలాకాలం జిల్లెట్ మాక్ త్రీ వాడిన తరువాత, బ్లేడ్ల సంఖ్య పెరిగితే పని మెరుగవుతుందన్న ఆశతో నిరుడు అదే కంపెనీ ఐదు బ్లేడ్ల ఫ్యూజన్‌కు మారాను. బుగ్గల మీద ఫలితం బాగానే ఉంది కానీ, దవడ కింద, గొంతు దగ్గర వచ్చే ఎర్రటి పొక్కులు తగ్గకపోగా ఎక్కువయ్యాయి. దానికి తోడు కార్ట్రిడ్జ్‌ల (పిడికి తగిలించే బ్లేడ్ల తలల) ఖర్చు చూస్తే ఒళ్లు మండుతోంది. మా అపార్ట్‌మెంటులో బోరు నీళ్లు, నురగ సరిగా రాదు. జిల్లెట్‌నే కొనసాగించాలా, లెట్స్ షేవ్, బాంబే షేవింగ్ కంపెనీ వంటి కొత్త బ్రాండ్లకు మారాలా, లేక మా నాన్నగారు వాడిన రెండంచుల బ్లేడు రేజరుకు వెళ్లాలా అన్నది నా సందేహం. స్వయంగా వాడి చూసినవారు కారణాలతో సహా చెబితే సంతోషిస్తాను.

అరండల్‌పేట విశ్రాంత ఉద్యోగి

మీ నాన్నగారి పద్ధతికే నా ఓటు. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రెండంచుల బ్లేడే వాడుతున్నాను కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుందని ముందే చెబుతున్నాను.

ఈ బ్లేడును మొదట తెచ్చిందీ జిల్లెట్ వారే. కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే అమెరికన్ సేల్స్‌మన్‌కు పారవేయదగిన పలుచని బ్లేడు ఆలోచన వచ్చింది. అంత పలుచని ఉక్కు రేకుకు పదును నిలబెట్టడం సాధ్యం కాదని నిపుణులు అంటే, విలియం నికర్సన్ అనే ఇంజనీరు దాన్ని సాధ్యం చేశాడు. 1901లో కంపెనీ పుట్టింది. 1903లో అమ్మకాలు మొదలైనప్పుడు ఆ ఏడాది మొత్తానికి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే అమ్ముడుపోయాయి. 1904లో పేటెంటు వచ్చింది. రేజరును దాదాపు ఉచితంగా ఇచ్చి బ్లేడ్ల మీద లాభం గుంజడం జిల్లెట్ కనిపెట్టిన వ్యాపార సూత్రమని వ్యాపార పాఠాలలో తరచు చెబుతారు. నిజానికి పేటెంటు బలంగా ఉన్నంతకాలం ఆ రేజరు ధర 5 డాలర్లు, ఆ రోజుల్లో అది సామాన్యుడికి భారమే. 1921లో పేటెంటు గడువు తీరి పోటీ ముంచుకొచ్చిన తరువాతే రేజరు చవక అయింది. మీరిప్పుడు కార్ట్రిడ్జ్‌లకు కడుతున్న కప్పానికి మూలం అక్కడుంది: పిడికి అతికే తలకాయ మరొకరు తయారు చేయలేనంతవరకు ధర వారి ఇష్టం. రెండంచుల బ్లేడు విషయంలో ఆ కట్టడి ఎప్పుడో పోయింది. ఏ దేశపు బ్లేడైనా ఏ రేజరులోనైనా ఇముడుతుంది.

మా గుంటూరులో ఏ ఫ్యాన్సీ షాపుకు వెళ్లినా సెవెన్ ఓ క్లాక్, సూపర్‌మాక్స్, టోపాజ్ ప్యాకెట్లు దొరుకుతాయి. వీటిలో సెవెన్ ఓ క్లాక్ జిల్లెట్ వారిది, మిగిలిన రెండూ మల్హోత్రా కుటుంబం స్థాపించిన సంస్థలవి. రేజరు కొనదలిస్తే జర్మనీలోని జోలింగెన్‌లో తయారయ్యే మెర్కుర్ పేరున్నది. అంత ఖర్చు వద్దనుకుంటే పార్కర్ చాలు, అవి మన దేశంలోనే తయారవుతాయి. నా దగ్గరున్నది మాత్రం ఈ పేర్లేవీ లేని పాత ఇత్తడి రేజరు. దానికి వంక పెట్టే అవసరం ఇంతవరకు రాలేదు.

ఎడిసన్ తెలుగు

పెద్దవారు చెప్పిన చరిత్రతో విభేదం లేదు గానీ, ప్రతి పాత పద్ధతీ మేలైనదన్న ధోరణితో ఏకీభవించలేను. ఉదయం పావుగంటలో స్నానం, షేవింగు ముగించుకొని రైలు అందుకోవలసిన మనిషికి రెండంచుల రేజరు సుఖం కాదు. దాని తల కదలదు, కోణం మనమే నిలుపుకోవాలి, పరధ్యానంలో ఉంటే గొంతు తెగుతుంది. పైగా విమానంలో చేతి సంచిలో ఆ బ్లేడ్లు తీసుకెళ్లనివ్వరు, కార్ట్రిడ్జ్ రేజరుకైతే అభ్యంతరం లేదు.

ఇక బ్రాండ్ల సంగతి. ఇక్కడ అమెరికాలో జిల్లెట్‌కు పాత పోటీదారు షిక్. యూరప్‌లో అదే సంస్థ సరుకు విల్కిన్సన్ స్వోర్డ్ పేరుతో అమ్ముడవుతుంది. 1971లో జిల్లెట్ రెండు బ్లేడ్ల ట్రాక్ టూ తెచ్చింది. 1990లో స్ప్రింగుల మీద కదిలే బ్లేడ్లతో సెన్సర్, 1998లో మూడు బ్లేడ్ల మాక్ త్రీ వచ్చాయి. 2003లో షిక్ నాలుగు బ్లేడ్ల క్వాట్రో తెస్తే, 2006లో జిల్లెట్ ఐదు బ్లేడ్ల ఫ్యూజన్‌తో బదులిచ్చింది. కొరియాకు చెందిన డోర్కో ఆరు బ్లేడ్ల దాకా వెళ్లింది. మీరు అడిగిన లెట్స్ షేవ్ అమ్ముతున్నది ఆ డోర్కో తయారీనే. ఇక్కడ డాలర్ షేవ్ క్లబ్ అనే రేజర్ల సంస్థ మొదట్లో అమ్మిందీ డోర్కో సరుకే. ఆ క్లబ్‌ను 2016లో యూనిలీవర్ సుమారు 100 కోట్ల డాలర్లకు కొన్నది. హ్యారీస్ అనే మరో సంస్థ దారి వేరు. జర్మనీలో ఐస్‌ఫెల్డ్ అనే ఊళ్లోని బ్లేడ్ల ఫ్యాక్టరీని 2014లో ఏకంగా కొనేసింది.

నేను జిల్లెట్, షిక్, హ్యారీస్ మూడూ వాడాను. మొదటి షేవింగులో జిల్లెట్‌ది పైచేయి. తల తిరిగే తీరు, బ్లేడు జారే తీరు మిగిలిన రెండింటికీ అంత బాగా అబ్బలేదు. కానీ నాలుగైదు షేవింగుల తరువాత ఆ తేడా దాదాపు కనిపించదు. అందుకే నేను హ్యారీస్ దగ్గర ఆగిపోయాను. చవకగా వస్తుంది కాబట్టి బ్లేడు మొద్దుబారకముందే నిస్సంకోచంగా మార్చేస్తాను. మీరూ కార్ట్రిడ్జ్‌ను వదలకుండా బ్రాండు మార్చి చూడండి.

చర్మవైద్యుడు, తిరుపతి

ప్రశ్న అడిగినవారు తన సమస్యను స్పష్టంగానే చెప్పారు: వెంట్రుక మందం, మెడ దగ్గర ఉంగరం, బ్లేడ్లు పెరిగిన కొద్దీ పొక్కులు పెరిగాయి. చర్చ బ్రాండ్ల వైపు వెళ్లింది కానీ, ఈ లక్షణాలున్నవారికి బ్లేడ్ల సంఖ్యే మొదట చూడవలసిన విషయం.

బహుళ బ్లేడ్ల రేజరులో మొదటి బ్లేడు వెంట్రుకను పట్టి కొద్దిగా పైకి లాగుతుంది, అది తిరిగి లోపలికి జారేలోపు వెనుక బ్లేడు దాన్ని కోస్తుంది. ఆ తరువాత వెంట్రుక కొస చర్మపు మట్టానికి కిందికి వెళ్లిపోతుంది. చేత్తో తడిమితే నున్నగా అనిపించేది అందువల్లనే. తిన్నని వెంట్రుకకు దీనివల్ల నష్టం లేదు, అది మళ్లీ తిన్నగా పైకి వస్తుంది. ఉంగరం తిరిగిన వెంట్రుక మాత్రం పైకి వచ్చేదారిలో కుదురు గోడను పొడుస్తుంది, లేదా బయటకు వచ్చి వంగి మళ్లీ చర్మంలోకి దిగుతుంది. శరీరం దాన్ని బయటి వస్తువుగా భావించి వాపుతో స్పందిస్తుంది. మీరు చూస్తున్న ఎర్రటి పొక్కు చాలావరకు అదే కావచ్చు. అమెరికా సైన్యంలో నల్లజాతి సైనికులను ఈ బాధ ఎక్కువగా వేధించినందువల్ల వైద్యుల సిఫారసుపై వారికి షేవింగు నుంచి మినహాయింపు ఇచ్చే ఏర్పాటు చాలాకాలం నడిచింది.

కాబట్టి మీరు ఫ్యూజన్ నుంచి డోర్కో ఆరు బ్లేడ్లకు మారితే బ్రాండు మారుతుంది, కారణం అలాగే ఉంటుంది. ఒకే బ్లేడు ఉన్న ఏ రేజరైనా వెంట్రుక వాలు వెంట ఒత్తకుండా గీస్తే చర్మం పైన కొద్దిపాటి కొస మిగులుతుంది. మీ మెడకు కావలసింది ఆ కొసే. పొక్కులు పూర్తిగా ఆరేవరకు మెడ భాగాన్ని ట్రిమ్మరుతో సరిపెట్టుకోండి. చీము పట్టినా, నల్లమచ్చలు నిలిచిపోతున్నా దగ్గరలోని చర్మవైద్యులకు చూపించండి. ఫోటో చూసి మందు చెప్పమని ఇక్కడ అడగవద్దు.

కొండాపూర్ వాసి

డాక్టరు గారికి కృతజ్ఞతలు. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. అయితే ఎడిసన్ వారు చెప్పిన ఇబ్బంది కూడా నిజమే, నాకూ ఉదయం తీరిక తక్కువ. తల కదిలే సౌకర్యం ఉంటూ ఒకే బ్లేడు ఉన్న కార్ట్రిడ్జ్ రేజరు ఎక్కడైనా దొరుకుతుందా?

ఉక్కునగరం

దొరుకుతుంది, అదీ మన వీధి చివర కిరాణా కొట్టులో. దాని పేరు జిల్లెట్ గార్డ్. చవక వస్తువని చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, భారతదేశపు గడ్డాన్ని దృష్టిలో పెట్టుకొని రూపొందించిన రేజరు అది.

దాని వెనుక కథ ఉంది. అంతకు ముందు ఆ కంపెనీ మన మార్కెట్టు కోసం వెక్టర్ అనే రేజరును రూపొందించి, అమెరికాలో ఎంఐటీలో చదువుతున్న భారతీయ విద్యార్థులతో పరీక్ష చేయించింది. వారు బాగుందన్నారు. ఇక్కడికి వచ్చేసరికి బ్లేడ్ల మధ్య వెంట్రుకలు ఇరుక్కుపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఎంఐటీ విద్యార్థులు కుళాయి ధార కింద రేజరు కడిగినవారు. ఇక్కడ ఎంతోమంది నేల మీద కూర్చొని, చేతి అద్దం పెట్టుకొని, ఒక గ్లాసుడు నీళ్లతో పని కానిచ్చేవారు. ఆ పాఠం నేర్చుకొని, ఇళ్లకు వెళ్లి మగవారు గడ్డం గీసుకునే తీరు గమనించిన తరువాత 2010లో గార్డ్‌ను విడుదల చేశారు. అప్పటి ధర రేజరుకు 15 రూపాయలు, కార్ట్రిడ్జ్‌కు 5 రూపాయలు. ఒకే బ్లేడు, దాని ముందు చర్మాన్ని అదిమి ఉంచే దువ్వెన వంటి పళ్లు, కొద్ది నీళ్లతోనే శుభ్రపడే ఖాళీలు ఉంటాయి. కొనేటప్పుడు ప్యాకెట్టు చూసుకోండి, గార్డ్ త్రీ అని మూడు బ్లేడ్ల రకం కూడా ఉంది, మీకది వద్దు.

ఇక ఉక్కు సంగతి, అది నా వృత్తి కాబట్టి నాలుగు మాటలు. అన్ని పెద్ద బ్రాండ్ల బ్లేడ్లూ సుమారు 13 శాతం క్రోమియం ఉన్న గట్టిపరచిన స్టెయిన్‌లెస్ ఉక్కుతోనే తయారవుతాయి. రెండంచుల బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. ఈ స్టెయిన్‌లెస్ ఉక్కును బ్లేడ్లలో గట్టిగా నిలబెట్టింది జిల్లెట్ కాదు, ఒకప్పుడు సైన్యానికి కత్తులు చేసిన విల్కిన్సన్ స్వోర్డ్. 1960ల ఆరంభంలో వారి బ్లేడ్లు మార్కెట్టులోకి వచ్చేసరికి కార్బన్ ఉక్కునే నమ్ముకున్న జిల్లెట్ ఉలిక్కిపడి 1963లో తన స్టెయిన్‌లెస్ బ్లేడును తెచ్చింది. ఉక్కు దాదాపు ఒకటే అయినప్పుడు బ్రాండుకూ బ్రాండుకూ తేడా ఎక్కడ వస్తుందంటే, అంచును సానపట్టిన కోణాలలో, పైన వేసే క్రోమియం, ప్లాటినం పూతలలో, ఆ పైన జారుడు కోసం వేసే టెఫ్లాన్ జాతి పొరలో.

వెంట్రుక కంటే ఉక్కు సుమారు 50 రెట్లు గట్టిది, అయినా బ్లేడు ఎందుకు మొద్దుబారుతుందన్న ప్రశ్నకు ఎంఐటీలో సెమ్ తసాన్ బృందం 2020లో సైన్స్ పత్రికలో జవాబు ప్రచురించింది. బృందంలోని పరిశోధకుడు తానే గడ్డం గీసుకొని ఆ బ్లేడ్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. అంచు సమంగా అరిగిపోవడానికి బదులు అక్కడక్కడ చిన్న పెచ్చులుగా ఊడిపోతోంది. ఉక్కు లోపలి నిర్మాణం ఒకచోట గట్టిగా, పక్కనే కొంత మెత్తగా ఉన్న చోట వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలితే పెచ్చు లేస్తుంది. దీన్నిబట్టి నాకు తోచేదేమిటంటే, వెంట్రుకను బాగా నానబెట్టి మెత్తబరిస్తే చర్మానికే కాక బ్లేడుకూ మేలు.

హనుమకొండ సెలూన్

పైవారు చెప్పినవన్నీ చదివాను. కుర్చీలో కూర్చున్న మనిషిని రోజూ చూసే నాకు బ్రాండు కంటే ముందు కనిపించేది వెంట్రుక వాలు. బుగ్గల మీద చాలామందికి వాలు కిందికే ఉంటుంది. గొంతు దగ్గర అలా ఉండదు. ఒకరికి పైకి, ఒకరికి చెవి వైపు, కొందరికి కంఠం ముడి పక్కన సుడి తిరిగి ఉంటుంది. రెండు రోజుల గడ్డం మీద వేలు అన్ని వైపులా నడిపి చూడండి, ఏ వైపు వేలు జారితే అది వాలు, ఏ వైపు గరుకు తగిలితే అది ఎదురు. ఒక కాగితం మీద మీ మెడ బొమ్మ గీసుకొని బాణం గుర్తులు పెట్టుకోండి. మా దగ్గరకు వచ్చేవారిలో పొక్కుల బాధ చెప్పేవారు చాలామంది ఇంట్లో మెడను కింది నుంచి పైకి ఒకే ఊపులో గీకేవారే.

నానబెట్టడం అంటే నురగ రాసి వెంటనే గీయడం కాదు. స్నానం చేసిన తరువాత, లేదా వేడి తువ్వాలు రెండు మూడు నిమిషాలు అద్ది ఉంచిన తరువాత మొదలుపెట్టాలి. బోరు నీళ్లలో సున్నపు శాతం ఎక్కువైతే సబ్బు విరిగి నురగ నిలవదు. తాగడానికి వాడే ఫిల్టరు నీళ్లు ఒక చిన్న గిన్నెలో వేడి చేసుకొని, బ్రష్షును అందులో తడిపి క్రీము కలిపి చూడండి. బ్రష్షు లేపితే నురగ కొస వంగి నిలవాలి, బుడగలు బుడగలుగా కారిపోతే నీళ్లు ఎక్కువైనట్టు.

మేము రెండంచుల బ్లేడునే సగానికి విరిచి ఉస్తరాలో పెట్టి వాడతాం, మనిషి మనిషికీ కొత్త సగం. కాబట్టి ఒకే బ్లేడు చాలదని నేననుకోను. “రివర్స్ కొట్టనా?” అని, అంటే వాలుకు ఎదురు గీయనా అని, మా కుర్రాళ్లు అలవాటుగా అడుగుతారు. మీవంటి మెడ ఉన్నవారు వద్దని చెప్పండి. చివర పటిక రాసి చల్లటి నీళ్లతో కడిగేయడం మంచిదే గానీ, పటిక ఎక్కువసేపు ఉంచితే చర్మం పొడిబారుతుంది.

ఒక హెచ్చరిక కూడా. పేరున్న బ్లేడ్లకు నకిలీలు వస్తాయి. ఒకసారి ఒక హోల్‌సేల్ దుకాణంలో నేను కొన్న పెట్టెలో కాగితం మీది అచ్చు అలికినట్టుంది, బ్లేడు తొలి గీతకే పీకింది. ధర అనుమానం కలిగించేంత తక్కువ ఉంటే కొనకండి.

కొండాపూర్ వాసి

సెలూన్ వారు చెప్పిన ప్రకారం నిన్న వేలితో చూసుకున్నాను. నా మెడ ఎడమ పక్క వెంట్రుకలు చెవి వైపు, కుడి పక్కవి పైకి ఉన్నాయి. ఇంతకాలం రెండు పక్కలా ఒకే తీరుగా గీస్తున్నాను. రెండంచుల రేజరు కూడా ప్రయత్నించాలని ఉంది. చాలాచోట్ల జపాన్ వారి ఫెదర్ బ్లేడును ఆకాశానికెత్తుతున్నారు, దానితోనే మొదలుపెట్టవచ్చునా?

అరండల్‌పేట విశ్రాంత ఉద్యోగి

వద్దు. ఫెదర్ జపాన్‌లో కత్తులకు పేరుపొందిన సెకి నగరంలో పుట్టిన సంస్థది. దాని పదును గురించి విన్నదంతా నిజమే, అందుకే కొత్తవారికి పనికిరాదు. మిగిలిన బ్లేడ్లు క్షమించే చిన్న తప్పును అది క్షమించదు, పైగా మన బ్లేడ్ల కంటే ఖరీదు ఎన్నో రెట్లు. సెవెన్ ఓ క్లాక్‌తోనో, సూపర్‌మాక్స్‌తోనో మొదలుపెట్టండి. చెయ్యి కుదురుకున్న తరువాత వెంట్రుక మందంగా ఉన్న మీకు పదునైన బ్లేడు నచ్చవచ్చు.

రేజరు తలలోనూ సౌమ్యం, ఉగ్రం అని భేదాలున్నాయి. జర్మనీ ముహ్లే సంస్థ ఆర్ 89 సౌమ్యమైనది. అదే సంస్థ ఆర్ 41లో బ్లేడు అంచు ఎక్కువగా బయటికి ఉంటుంది, మీరు దాని జోలికి పోవద్దు. తల పైభాగాన్ని చర్మానికి ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ పోతే బ్లేడు అందుకునే చోటు తెలుస్తుంది. చర్మానికి బ్లేడు సుమారు 30 డిగ్రీల కోణంలో ఉంటే చాలు. రేజరు బరువే ఒత్తిడి, మీరు చెయ్యి వేయవద్దు. కార్ట్రిడ్జ్‌కు అలవాటైనవారు మొదట్లో కోసుకునేది ఇక్కడే.

ఎడిసన్ తెలుగు

డాక్టరు గారి వివరణ తరువాత, ఈ సభ్యుని మెడ విషయంలో నేను సూచించిన బ్రాండు మార్పు పనికిరాదని ఒప్పుకుంటున్నాను. అయితే పొక్కుల బాధ లేనివారికి రెండు, మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ ఇప్పటికీ మంచిదేనన్నది నా అభిప్రాయం. మూడు దాటిన తరువాత వచ్చే లాభం మాత్రం నాకెప్పుడూ కనిపించలేదు. తల వెడల్పై ముక్కు కింద పట్టదు. ఆ లోటు పూడ్చడానికే ఫ్యూజన్‌కు వెనుక వైపు విడిగా మరో బ్లేడు పెట్టవలసి వచ్చింది.

మా నాన్నగారి వంటి పెద్దవారి గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? ఆయన రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నారు.

చర్మవైద్యుడు, తిరుపతి

ఆ మాత్రలు వాడేవారికి, చెయ్యి వణికేవారికి ఎలక్ట్రిక్ షేవరే క్షేమం. ఫిలిప్స్ తరహా గుండ్రని తలలైనా, బ్రౌన్ తరహా రేకు జాలీ అయినా పరవాలేదు, నున్నదనం కొంత తగ్గుతుందంతే. బ్లేడు వాడేవారందరికీ ఒక మాట: అమెరికా చర్మవైద్యుల అకాడమీ ఐదు నుంచి ఏడు షేవింగులకొకసారి బ్లేడు మార్చమంటుంది. మన దగ్గర ఒకే కార్ట్రిడ్జ్‌ను నెల దాటించేవారు నాకు తరచు ఎదురవుతారు.

లెక్కల పుస్తకం

ఆ అలవాటుకు కారణం ధరే. మాక్ త్రీ కార్ట్రిడ్జ్ ఒక్కొక్కటి నూరు రూపాయల పైమాటే. రెండంచుల బ్లేడు మూడు నాలుగు రూపాయలకు దొరుకుతుంది. ఆరు షేవింగులకు ఒకటి చొప్పున మార్చితే ఏడాదికి, వారానికి ఐదు షేవింగుల లెక్కన, సుమారు 43 కావాలి. కార్ట్రిడ్జ్ అయితే నాలుగు వేలు దాటుతుంది. రెండంచుల బ్లేడయితే, ప్రతి మూడు షేవింగులకే మార్చినా, నాలుగు వందలు దాటదు. మంచి రేజరు కొన్న ఖర్చు తొలి ఏడాదిలోనే తీరిపోతుంది.

కొండాపూర్ వాసి

అందరికీ ధన్యవాదాలు. ఫ్యూజన్‌ను పక్కన పెట్టేశాను. పొక్కులు ఆరేవరకు మెడకు ట్రిమ్మరు, తరువాత ఆఫీసు రోజుల్లో ఒంటి బ్లేడు గార్డ్, తీరిక ఉన్న ఆదివారం పార్కర్ రేజరులో సెవెన్ ఓ క్లాక్ పెట్టి చెయ్యి అలవాటు చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. వాడిన బ్లేడ్లను ఎలా పారవేయాలో కూడా చెప్పండి.

హనుమకొండ సెలూన్

మూత గట్టిగా పట్టే పాత రేకు డబ్బా ఒకటి తీసుకొని మూతకు బ్లేడు పట్టేంత సన్నని గాటు పెట్టండి, అంచుల చుట్టూ టేపు వేయండి. వాడిన బ్లేడు ఆ గాటులోంచి లోపల వేయడమే, మళ్లీ తెరిచే పని లేదు. డబ్బా నిండిన తరువాత గాటును కూడా టేపుతో మూసి, పైన “బ్లేడ్లు” అని పెద్ద అక్షరాలతో రాసి చెత్త బండి మనిషి చేతికి విడిగా ఇవ్వండి. తడి చెత్తలో కలిపితే వారు చేత్తో వేరు చేసేటప్పుడు కోసుకుంటారు.

కొండాపూర్ వాసి

అలాగే చేస్తాను. గార్డ్ మొదలుపెట్టి నెల గడిచాక మెడ పరిస్థితి ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.